కుడికాలి చెప్పు

2021 అక్టోబరు 9, శనివారం. ఆ మధ్యాహ్నం మేము ముద్దపప్పు, బీరకాయ పొట్టు పచ్చడి, వేయించిన మజ్జిగ మిరపకాయలు తిన్నాం. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి పద్మజ బల్ల కింద ఎడమ మడమను కుర్చీ కోడుకేసి రుద్దుకోవడం మొదలుపెట్టింది. ఆ రాపిడి చప్పుడు నాకు ఏళ్ళుగా తెలుసు. చెయ్యి కడుక్కుని వెళ్ళి కారులోంచి పెట్టె తెచ్చాను.

"ఏవిటండీ అది?"

"చెప్పులు. నీకే. వంటింట్లోకి."

ఎర్ర బట్ట చెప్పులు. పైభాగం ఎలా ఉన్నా పనితనమంతా అడుగునే ఉంది. మడమ కింద మెత్తటి ఫోమ్, పాదం వంపు కింద గట్టిది, మడమ చుట్టూ చిన్న గట్టు. మెత్తగా ఉంటే చాలనుకుంటారు చాలామంది. మరీ మెత్తనైతే పాదం కుంగి, చీలమండ ఊగి, నొప్పి మోకాలికి ఎక్కుతుంది. మడమకు మెత్తదనం కావాలి, వంపుకు ఆసరా కావాలి. రెండూ ఒకే సోల్‌లో కుదర్చడానికి నాకు పదకొండు వారాలు పట్టింది. ఫోమ్ అచ్చులో పోసి ఒక్క జతే చేశాను, ఆఫీసు అయ్యాక, చేత్తో.

పద్మజ కుడికాలు దూర్చి ఒక్క అడుగు వేసింది. మా బూట్ల కంపెనీ ల్యాబ్‌లో వందలమంది నా సోల్స్ తొడుక్కోగా చూశాను. హాయిగా ఉంటే ముందు మోకాలు వదులవుతుంది, తరవాత పెదవులు. ఆమెకు రెండూ అయ్యాయి. వెంటనే కాలు బయటికి లాగేసుకుని, గొంతు మార్చి నాలాగే అంది:

"వంటింట్లోకి చెప్పులతోనా? తియ్యి ముందు!"

పడీపడీ నవ్వింది. "పదమూడేళ్ళయింది. ఎలా గుర్తుపెట్టుకున్నానో చూశారా?"

నేను కూడా నవ్వాను.

ఆ మాట నాదే. 2008లో మా అమ్మ మా దగ్గర ఆరు నెలలు ఉంది. పద్మజకు మడమ నొప్పి అప్పుడే మొదలైంది. గట్టి నేల మీద వట్టికాళ్ళతో నిలబడొద్దని డాక్టరు చెప్పాడు. ఆమె స్పాంజి చెప్పులు కొనుక్కుని స్టవ్ ముందు వేసుకుంది. పై అరలో దేవుడి పటాలు, పక్కన అమ్మ. అమ్మ ఏమీ అనలేదు. నేనే అన్నాను. పద్మజ మారు మాట్లాడకుండా తీసి వాకిట్లో పెట్టి వచ్చింది. అంతే, ఆ తరవాత ఇంట్లో ఆమె కాళ్ళకు చెప్పులు నేను చూడలేదు.

మేముండేది అమెరికాలో, బెంటన్‌విల్‌లో. పెద్ద దుకాణాల సంస్థ ఆఫీసు చుట్టూ, దానికి సరుకు అమ్మే కంపెనీలు బోలెడు ఉన్నాయి ఇక్కడ. అలాంటి ఒక చిన్న కంపెనీలో, రోజుకు ఎనిమిది గంటలు కాంక్రీటు మీద నిలబడేవాళ్ళ బూట్లకు సోల్స్ డిజైన్ చేయడం నా పని. నేను ఆ పనిలో ఉండగా ఇంట్లో పద్మజ పలకరాతి నేల మీద వట్టికాళ్ళతో నిలబడి, ఊళ్ళో ఒంటరిగా ఉండే తెలుగు పిల్లలు పదిహేనుమందికి లంచ్ బాక్సులు కట్టేది. మధ్యాహ్నం వాళ్ళు వచ్చి పక్క తలుపు దగ్గర తీసుకెళ్ళేవారు.

2023 ఫిబ్రవరిలో, పాలు పొంగకముందే ఆమె గుండె ఆగిపోయింది. ఆ గొడవలో పక్కింటావిడ వచ్చి స్టవ్ ఆర్పింది. ఆవిడ పేరు కూడా నాకు అప్పటిదాకా తెలియదు. ఆ పాలగిన్నె కడిగి బోర్లించి వెళ్ళింది. ఆ మేలు నేను మరిచిపోను.

ఆ తరవాత మళ్ళీ మొదలైంది ఒక చప్పుడు.

సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి గరాజ్ తలుపు మీట నొక్కుతాను. తలుపు గరగరమంటూ లేస్తుంది. అది సగం లేచేసరికి లోపల వంటింటి వైపు రెండు అడుగులు, ఆ వెంటనే 'టిక్' మని, సరుకులుంచే పాంట్రీ తలుపు పడ్డ చప్పుడు. పద్మజ ఉన్న రోజుల్లో కూడా అది వినేవాణ్ణి. పిండి డబ్బా లోపల పెడుతోందనుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరు పెడుతున్నట్టు? మొదట్లో కారు ఆపకుండానే పరుగెత్తి పాంట్రీ తలుపు తీసేవాణ్ణి. రవ్వ డబ్బాలు, కందిపప్పు, బియ్యం సంచి. ఇంకేమీ ఉండేది కాదు. రెండేళ్ళుగా ప్రతి సాయంత్రం ఇంతే.

ఈ జనవరిలో ఇర్వింగ్ నుంచి మా అమ్మాయి హాసిని ఫోన్ చేసింది. "నాన్నా, నేను సాటర్డే వస్తా. పాంట్రీలో అన్నీ ఎక్స్‌పైర్ అయ్యాయి. పడెయ్. ప్లీజ్, నువ్వు చెయ్యి, నేను చేస్తే నువ్వు సాడ్ అవుతావ్."

ఇడ్లీరవ్వ డబ్బా జరిపితే, గోడ వారగా, కాగితపు సంచిలో కనిపించాయి ఎర్ర చెప్పులు.

ఉతికి ఉన్నాయి. అడుగున మరక లేదు, అరుగుదల లేదు. నున్నటి పలకల మీద తిరిగితే సోల్ అరగదు, కనక దాన్నిబట్టి ఏమీ తేలదు. మందం కొలిచాను, రెండూ సమానం. వేలితో నొక్కితే కుడిది కాస్త మెత్తగా అనిపించింది. చేత్తో పోసిన ఫోమ్‌లో ఆ మాత్రం తేడా మామూలే.

ఆమె వీటిని వేసుకుందా? లేక నా మాట పట్టుకుని, చివరి రోజు దాకా ఆ రాతి మీద వట్టికాళ్ళతోనే నిలబడిందా? చప్పుడు విన్న ప్రతిసారీ నన్ను పట్టి కుదిపింది ఈ ప్రశ్నేనని అప్పుడు తెలిసింది.

తెలుసుకోవడానికి ఒక్కటే దారి. ఫోమ్ నిండా సన్నటి గాలి గదులుంటాయి. కొత్తలో నానిన సగ్గుబియ్యంలా గుండ్రంగా ఉంటాయి. నెలల తరబడి మనిషి బరువు పడితే అటుకుల్లా చదునవుతాయి. చెప్పు పక్కన పెడితే మందం తిరిగి వస్తుంది గానీ, ఆ గదుల గోడల్లో ముడతలు పోవు. కాని చూడాలంటే మడమ దగ్గర నిలువునా కోయాలి. కోస్తే ఆ చెప్పు ఇక ఉండదు.

ఎడమది కోద్దామనుకున్నాను. నొప్పి ఎడమ మడమలోనే కదా, జవాబు అక్కడే ఉండాలి. పైగా కుడిది ఆమె నా ముందు తొడుక్కున్నది.

ల్యాబ్‌లో రేణు కోసింది. కరీంనగర్ అమ్మాయి, మా దగ్గర టెస్టింగ్ చేస్తుంది. పెళ్ళి కాకముందు మూడేళ్ళు పద్మజ చేతి వంట తిన్నది.

"బ్రాండ్ న్యూ ఉన్నది అంకుల్," అంది మైక్రోస్కోప్ లోంచి తల ఎత్తకుండా. "ఎవ్వలూ వేసుకోలే. గదులన్నీ గుండ్రంగ ఉన్నయ్. ఏ సాంపుల్ ఇది? నంబర్ రాయలే మీరు. నేను రాయకపోతే మాత్రం తిడ్తరు."

నేనూ చూశాను. సగ్గుబియ్యం. ఒక్క ముడత లేదు.

"మీ ఆంటీవి," అన్నాను.

రేణు కుర్చీ వెనక్కి జరిపింది. ఆమెకు అంతా చెప్పేశాను. 2008 మాట కూడా. చెప్పి, ముక్కలు కవర్లో వేసుకోబోయాను.

"ఆగుండ్రి. ఏ కాలుది ఇది?"

"ఎడమది."

"అయ్యో అంకుల్!" నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఆంటీ ఎడమకాలు ఎప్పుడన్న కింద పెట్టిందా? కొంగ లెక్క నిలబడేది కదా!"

"కొంగేమిటి?"

రేణు లేచి నిలబడింది. కుడికాలి మీద నిలబడి, ఎడమ పాదం ఎత్తి కుడి మోకాలికి ఆనించి, లేని గరిటె తిప్పింది. "ఇగో, గిట్ల. పక్క డోర్ కాడ నిలబడితే కౌంటర్ పక్కకెల్లి మోకాలు కనిపిస్తుండె. నేను ఏడిపించేదాన్ని, 'ఆంటీ, కొంగ జపమా?' అని. 'నోర్ముయ్యవే, చారు మాడుతుంది' అనేది. మీకు తెల్వదా?"

నాకు తెలియదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ కాళ్ళు ముప్ఫై ఏళ్ళు చూశాను. ఆ మధ్యాహ్నాలు ఆఫీసులో ఉన్నాను. సాయంత్రాలు ముందుగదిలో లాప్‌టాప్ ముందు ఉన్నాను.

"కాళ్ళకు చెప్పులుండేవా, రేణూ?"

"కౌంటర్ అడ్డం అంకుల్. మోకాలే కనిపించేది." నా మొహం చూసి గొంతు తగ్గించింది. "కుడిది ఇవ్వుండ్రి. ఫైవ్ మినిట్స్. తెలిసిపోతది."

"ఇంట్లో ఉంది," అన్నాను. అది నా కోటు జేబులోనే ఉంది.

ఆమె నా కోటు వైపు చూసింది. ఉబ్బెత్తుగా ఉన్న జేబు కనిపించే ఉంటుంది. "సరే అంకుల్, మీ ఇష్టం," అంది. బ్లేడు తుడిచి డ్రాయర్లో పెట్టేసింది.

దారంతా ఒక చెయ్యి జేబులోనే ఉంచుకుని నడిపాను. వెనక్కి తిప్పి కోయించాలని రెండు సిగ్నళ్ళ దగ్గర అనిపించింది. కోస్తే తెలుస్తుంది. కాని పద్మజ పాదం ఆనిన చోటు ఈ లోకంలో మిగిలింది అదొక్కటే.

ఇంటి ముందుకు వచ్చి మీట నొక్కాను. తలుపు గరగరమంది. సగం లేచింది. లోపల రెండు అడుగులు.

టిక్.

చెయ్యి స్టీరింగ్ మీదే ఉండిపోయింది.

నేను ఇంటికి రావడం ఆమెకు తెలిసేది ఈ గరగర వల్లే. స్టవ్ ముందునుంచి పాంట్రీకి రెండు అడుగులు. పిండి డబ్బా దాచడానికి అంత పరుగు దేనికి? చెప్పులిచ్చాక పదహారు నెలలు, ప్రతి సాయంత్రం, ఆ చప్పుడు నా చెవిన పడింది. కుడిది కాస్త మెత్తగా ఉందని నా వేలు ముందే చెప్పింది. నేనే నమ్మలేదు.

వేసుకుంది. నొప్పి తప్పింది. కాని నా కారు చప్పుడు వినగానే విప్పి దాచుకోవలసి వచ్చింది. అది నా మాటకు బెదిరి చేసిందో, నన్ను ఆటపట్టించడానికి సరదాకు చేసిందో ఏ ఫోమూ చెప్పదు. ఆమె సరదా మనిషే. అయినా ఆ రెండు అడుగుల్లో తొందర ఉంది.

ఈసారి పరుగెత్తలేదు. కారు లోపల పెట్టి, ఇంజన్ ఆపి, గరాజ్ దీపం దానంతటదే ఆరేదాకా కూర్చున్నాను. విప్పి, సంచిలో పెట్టుకుని, రవ్వ డబ్బా ముందుకు జరుపుకోవడానికి ఆమెకు కాస్త వ్యవధి కావాలి కదా. అప్పుడు గట్టిగా దగ్గి, లోపలికి వెళ్ళాను.

మజ్జిగన్నం తిని గిన్నె కడుక్కున్నాను. హాసిని ఫోన్ చేసింది.

"పాంట్రీ అయిందా నాన్నా? అన్నీ పడేసావా?"

"రవ్వ, పిండి, పప్పు పడేశానమ్మా. ఒక సంచి ఉంచాను. అది నువ్వు తియ్యొద్దు."

"ఏముంది అందులో?"

"మీ అమ్మ దాచుకుంది. శనివారం వచ్చాక చెప్తాను."

కుడి చెప్పునూ, ఎడమదాని రెండు ముక్కలనూ కాగితపు సంచిలో వేసి, గోడ వారగా, ఆమె పెట్టిన చోటే పెట్టాను. ఖాళీ రవ్వ డబ్బాను ముందుకు జరిపాను. దీపం ఆర్పాను. గడియ 'టిక్' మనకుండా పిడిని తిప్పి పట్టుకుని, ఆ రాత్రికి పాంట్రీ తలుపు మెల్లగా మూశాను.