మైనస్ ముప్పై ఆరు

ముప్పై ఆరుకు ముందు మైనస్ కనబడగానే ఈ పిల్ల కూడా పెన్ను కింద పెట్టేసింది, అచ్చం తనలాగే, అనుకుంది అనసూర్య, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. ఇంటర్ చదివే చిన్న కూతురు హర్షిణి x² + 4x + 13 = 0 కింద "మూలాలు లేవు" అని రాసి కింద గీత గీసేసింది.

"లేవని ఎవరన్నరే? వాస్తవ మూలాలు లేవు, గంతే. పదో తరగతిల గక్కడ ఆపమంటరు. ఇప్పుడు ఆపొద్దు. మైనస్ ఒకటి వర్గమూలం i అనుకో. ముప్పై ఆరుకు ఆరు. ఇగ ముందుకు పో."

"నీకెట్ల తెల్సమ్మా?"

అమ్మ డిగ్రీలో లెక్కలు చదివిందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. డిగ్రీ అయిన ఏడే తన నాన్న బొగ్గుబాయి పనికి పనికిరాడని డాక్టర్లు తేల్చారు. ఆయన ఉద్యోగం వారసులకు వస్తుంది. "నేను చేస్త నాన్నా" అంది. "ఆడపిల్లవు, నీకెందుకు బిడ్డా? అల్లునికి పెడ్దాం. ఏదైనా నీ ఇంటికే గదా!" అన్నాడాయన. అభ్యంతరం లేదని సంతకం పెట్టింది. ఆ సంతకంతో భర్త సదానందం గనిలోకి దిగాడు. ఇరవై రెండేళ్లు అతని షిఫ్టుల ప్రకారమే ఆమె లేచింది, వండింది, మసి బట్టలు నానబెట్టింది. చుట్టాలొస్తే అతను నవ్వేవాడు: "మా ఆమెకు వేళ్లు లెక్కబెట్టుడు సుత రాదు." ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వే ఇప్పుడు ఎక్కువ బాధపెడుతోంది.

లోపల అతను దగ్గుతున్నాడు. ఇప్పుడు అతన్నీ పనికిరాడన్నారు. ఆ దగ్గు వింటే కోపం కూడా నిలవదు.

"పెద్దల్లుని పేరు రాసినవా? పదింటికి ఆఫీసుకు పోవాలె. జల్ది!" లోపలి నుంచే అరిచాడు.

వారసత్వ ఉద్యోగం ఫారం బల్లమీదే ఉంది. వయోపరిమితి దాటని భార్య కూడా అర్హురాలే అన్న వరుసను నిన్నటి నుంచి మూడుసార్లు చదివింది. తనకు నలభై రెండు. దాటలేదు.

"అమ్మా! మైనస్ రెండు ప్లస్ మూడు i, మైనస్ రెండు మైనస్ మూడు i. రెండొచ్చినయ్!"

"అవి ముందునుంచే ఉన్నయ్ బిడ్డా" అంది.

చేతులు కొంగుకు తుడుచుకుని, హర్షిణి వేళ్లమధ్య నుంచి పెన్ను తీసుకుంది. చెయ్యి అలవాటుగా ఫారం అడుగున సంతకం చోటుకే పోయింది. కాసేపు అక్కడే ఆగింది. తర్వాత పైకి జరిపి, ఉద్యోగం కోరేవారి పేరు అన్న గడిలో, గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసుకుంది.