జల్లెడలో ఎర్రచుక్క

అమల జల్లెడ ఊపుతోంది. సన్న ఇసుక గోనెపట్ట మీద రాలుతుంటే గులకరాళ్లు, వేరుముక్కలు పైన మిగులుతున్నాయి. లోపల గోడకు పూత వేస్తున్న మునిరత్నం మేస్త్రి నోరు ఊరుకోదు.

"ఇసుక జల్లిస్తా ఉండావా, ముత్యాలు ఏరతా ఉండావా పాపా? సిమెంటు గట్టిపడతాది!"

ఆ గది ఆమెదే. చెల్లెలు చదువుకోవడానికి ఒక గది ఉండాలని అన్న ఏబెల్ పట్టుబట్టి కట్టిస్తున్నాడు. అందుకే పొద్దున్నుంచి భుజాలు లాగుతున్నా ఆమె ఆపలేదు.

ఇంకో పారెడు పోసింది. రాళ్ల మధ్య ఒక నల్లటి పురుగు వెల్లకిలా, కాళ్లు ముడుచుకుని, చచ్చినట్టు పడి ఉంది. చావలేదని అమలకు తెలుసు. కదిలిస్తే అట్లా నటిస్తుంది.

పెరట్లో తిరిగే రకమేదో అయి ఉండాలి ప్రభువా, అనుకుంటూ జేబులోని భూతద్దం తీసి చూసింది. ముందు రెండు జతల పాదాలకు ఐదేసి కణుపులు, వెనక జతకు నాలుగే. పిండిడబ్బాలో పడే పురుగుకైనా అంతే, అదీ ఈ కుటుంబానిదే. తిప్పి, పైపెంకు సందులో మెల్లగా గోరు ఆనించింది. తెరుచుకోలేదు. పెంకు రెండు ముక్కలూ అతుక్కుపోయి ఉన్నాయి. పెరటి రకం ఎగురుతుంది. దీనికి రెక్కల్లేవు.

స్వర్ణముఖి నది ఎండుపాయలో, ముళ్లచెట్ల వెనక ఒక ఇసుక దిబ్బ ఉంది. ఆమె వెతికినంతలో ఈ పురుగు ఉన్నది అక్కడొక్కచోటే. ఎండవేళ ఇసుక లోతుకు దూరి, చల్లబడ్డాక బయటికొచ్చి, గాలి పోగేసిన తుమ్మాకు తింటుంది. అతికిన పెంకు కింద ఒంటితడి దాచుకుంటుంది. అంత పొడినేలలో అది ఎట్లా బతుకుతోందో, దిబ్బ దాటి పోతుందో లేదో తేల్చడమే తిరుపతిలో అమల చేస్తున్న పరిశోధన. అది పూర్తి కావాలంటే వచ్చే వానల దాకా దిబ్బ కదలకూడదు. ఆ దారి ఎవరికీ చెప్పనని ఏబెల్ ఒట్టు వేశాడు. ఒంటరిగా పంపనని అమ్మ అంటే, రోజూ సాయంత్రం టార్చి పట్టుకుని వెంట నడిచింది అతడే.

పురుగు వీపుకు అంటిన దుమ్ము వేలితో తుడిచింది. ఎర్రచుక్క. మళ్లీ దొరికితే గుర్తుపట్టడానికి ఆమె పెట్టిన గోళ్లరంగు. ఆ సీసా చంద్రగిరి అంగట్లో కొన్నదీ అన్నే. "ఎవురికబ్బా?" అని అందరూ నవ్వితే "పురుగులకు" అని చెప్పి వచ్చాడు.

ఏబెల్ నీళ్ల బిందెతో వచ్చాడు.

"అన్నా, యాడి ఇసుక ఇది?"

"పాకాల కాడిది. ఏం?"

అమల అరచెయ్యి చాపింది. పురుగు కాళ్లు విప్పి నడవసాగింది.

"ట్రాక్టరెక్కి వచ్చినట్టుండాడే దొర!" అన్నాడు ఏబెల్.

"పాకాలలో ఎక్కినాడా?"

అతని నవ్వు ఆగిపోయింది. "ఇసుక యాడా దొరకలా మ్మే. ఒక్క లోడే. నీ గదికే గదా?"

"ఒక్క లోడేందబ్బా!" లోపలి నుంచి మేస్త్రి అన్నాడు. "దిబ్బంతా ఊడ్చి తెస్తిమి గదా. ఇంకేముండాది ఆడ?"

పోయిన వారం తడ ఊళ్లో ఉన్న పిన్నమ్మను చూసి రమ్మని అమలను పంపింది అమ్మే. ఇప్పుడామె గడపలో నిలబడి కొంగు మెలిపెడుతోంది.

"నువ్వుంటే ఒప్పుకోవని... పురుగులు ఇంకో సోట బతుకుతాయిలే అనుకున్న్యానే."

అమల బకెట్లో ఇసుక పోసి, ఎండాకులు పరిచి, మిగిలిన కుప్పనంతా చేత్తోనే కెలికింది. బతికున్నవి కొన్ని దొరికాయి. చాలా వరకు నలిగినవే. ఎర్రచుక్కవాడిని చివర్న బకెట్లో వదిలింది.

"ఆడ ముండ్లుండాయి, సీకటి పడతాది," అన్నాడు ఏబెల్, టార్చి కోసం అటూ ఇటూ చూస్తూ. "ఉండు మ్మే, నేనూ వస్తా."

ఇసుక అయిపోయిందని లోపల మేస్త్రి కేక వేశాడు. అమల చెప్పులు తొడుక్కుంది. బకెట్ ఎత్తుకుని, అమ్మ పక్కనుంచే, అన్న కోసం ఆగకుండా ఏటివైపు వెళ్లిపోయింది.