మేస్త్రీ చెవి

మోటార్ల మరమ్మతు షెడ్డులో మేస్త్రీ చెవికి తిరుగులేదు. తిరుగుతున్న మోటారు మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఆయన "బాగుంది" అంటే చాలు, అది బండెక్కేది. పాతికేళ్లుగా అక్కడ అదే పరీక్ష. గోడలకు చెవులుంటాయంటారు గానీ, ఆ షెడ్డు గోడలు కూడా మేస్త్రీ చెవినే నమ్ముకున్నాయి.

ఆ చెవి ఏడాదిగా సరిగ్గా పనిచెయ్యడం లేదు. ఇంట్లో ఆవిడకు తప్ప ఈ సంగతి మూడో మనిషికి తెలియదు. "షెడ్డులో చెప్పెయ్యకూడదూ?" అని ఆవిడ అన్నప్పుడల్లా, "చెవిటి మేస్త్రీ అనిపించుకోమంటావా?" అని కంచం ముందునుంచి లేచిపోయేవాడు. పరువు పిచ్చికి మందు లేదు మరి.

ఆయన బాగుందన్న పంపు మోటారొకటి వారం తిరక్కుండానే కాలిపోయి వెనక్కి వచ్చింది. బేరింగు సరిగ్గా కూర్చోలేదు. మేస్త్రీ చెవిని ఎవరు అనుమానిస్తారు? నేరం దాన్ని బిగించిన కొత్త ఫిట్టరమ్మాయి మీద పడింది. యజమాని అందరి ముందూ "రేపట్నుంచి రావద్దమ్మా" అనేశాడు. ఆ పిల్ల తన సామాను సర్దుకోసాగింది.

మేస్త్రీ ఊరుకుంటే ఎవరూ అడగరు. కానీ ఆ పిల్ల తలొంచుకుని పానాలు ఒక్కొక్కటే పెట్టెలో పెడుతుంటే చూడలేకపోయాడు.

"అయ్యా, ఆ పిల్లని పంపకండి. తప్పు నాది. నాకు ఏడాదిగా చెవి సరిగ్గా వినపడట్లేదు. ఆ మోటారు చప్పుడు నాకు తెలీలేదు. అయినా బాగుందనేశాను."

వెల్డరు చేతిలో పని ఆపేశాడు. యజమాని కుర్చీలో కూలబడ్డాడు. "నీ చెవిని నమ్ముకునే కదయ్యా..." అని, మిగతా మాట మింగేసి, ఆ అమ్మాయిని పనిలోకి వెళ్లమన్నాడు.

ఆమె కదల్లేదు. "మేస్త్రీగారూ, నాకు వినపడింది," అంది మెల్లగా. "బిగించిన రోజే గరగరమంది."

"మరి చెప్పలేదేం?"

"మీరు బాగుందన్నారు కదండీ. నా చెవే బాలేదేమో అనుకున్నాను."

చెవి పోయిందని ఒప్పుకున్నప్పుడు కూడా మేస్త్రీకి ఇంత సిగ్గనిపించలేదు. ఒక్క చెవిని దాచుకోవడానికి ఇందరి నోళ్లు మూయించానే అనుకున్నాడు.

బల్ల మీద ఇంకో మోటారు సిద్ధంగా ఉంది. స్విచ్చి వేసి ఆమెను పిలిచాడు.

"ముందు నువ్వు చెప్పమ్మా."

ఆమె చాలాసేపు విని, భయపడుతూనే, "బాలేదండీ," అంది.

ఆయనకు మాత్రం అది నిక్షేపంగా ఉన్నట్టే అనిపించింది.

"అయితే విప్పండి," అన్నాడు పనివాళ్లతో.