పదిహేడుసార్లు

గడియారాలు బాగుచేసే ఆయనకి గోరంతలు కొండంతలు చేసే మాటలంటే ఒళ్ళుమంట. ఐదున్నరకి రెండు నిమిషాలు తక్కువుంటే ఐదున్నర అనడు, చస్తే అనడు. అలాంటి మహానుభావుడికి, నాలుగు చినుకులు పడితే "ఊరు కొట్టుకుపోతోందండీ!" అనే ఇల్లాలు దొరికింది. పదకొండేళ్ళుగా ఆవిడ అంటూనే ఉంది, ఈయన సరిదిద్దుతూనే ఉన్నాడు.

ఆ సోమవారం పొద్దున వంటింటి కుళాయి కారుతోంది. "వెయ్యిసార్లు చెప్పాను, వింటేనా!" అందావిడ.

"పదిహేడుసార్లు" అన్నాడు, కంటికున్న భూతద్దం తీయకుండానే. అక్కడితో నోరు మూసుకోవచ్చుగా? అబ్బే! "నేను లెక్కపెట్టాను" అని కూడా అన్నాడు.

"అంతేలెండి, నా నోట వచ్చేవన్నీ అబద్ధాలేగా! ఇక మీతో మాట్లాడితే ఒట్టు."

అంతే, ఇంట్లో మాట బంద్. కుళాయి ఆ సాయంత్రమే బాగుచేశాడు. ఫలితం శూన్యం. ఆవిడ వడ్డిస్తుంది, కంచం తీస్తుంది, వెళ్ళిపోతుంది. ముందుగదిలోని కొట్లో ముప్పై గడియారాల టిక్కుటిక్కులకి ఆయన చెవులు హోరెత్తాయి. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు ఆవిడ మాటల్లో కలిసిపోయేదని అప్పుడు తెలిసింది. చేతిలోంచి మరలు జారిపోతున్నాయి. నిజంగానే ఇక మాట్లాడదేమోనని భయం పట్టుకుంది.

గురువారం పక్కవాటాలో ఉండే అక్క దగ్గరికెళ్ళి మొరపెట్టుకున్నాడు.

"ఒరేయ్ తింగరి వెధవా, అది నీకు లెక్క చెప్పలేదురా, విసుగొచ్చిందని చెప్పింది! వెళ్ళు, నీ బాధేదో దాని భాషలో చెప్పుకో."

వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ అటు తిరిగి గిన్నెలు తుడుస్తోంది.

"నువ్వు మాట్లాడకపోతే... నాకు కొంచెం ఇబ్బందిగా ఉంది."

గిన్నె ఠంగుమంది.

"కొంచెం కాదు. ఒక మోస్తరుగా."

ఇంకో గిన్నె ఇంకా గట్టిగా ఠంగుమంది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట, కళ్ళు మూసుకుని అనేశాడు. "నీ గొంతు విని వెయ్యేళ్ళయిందే! చచ్చిపోతున్నాను!"

ఆవిడ చేతిలో గుడ్డ ఆగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని హడలిపోయాడు. తీరా ఇటు తిరిగితే, నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వెయ్యేళ్ళేంటండీ, మరీ చోద్యం కాకపోతే! మూడు రోజుల నాలుగ్గంటల పన్నెండు నిమిషాలు."

ఆయన చేతిగడియారం చూసుకున్నాడు. నిమిషం తేడా లేదు.