రాయి మీద పోసిన నీళ్ళు

శ్రీవిజయ రాజ్యాన్ని ఓడలే నిలబెట్టాయని ఓడలవాళ్ళు చెప్పుకునేవారు, కత్తులే నిలబెట్టాయని కత్తులవాళ్ళు. రెండూ గొప్పలే. అన్ని దీవులూ, అన్ని నదులూ, అంత అడవీ కాయడానికి ఏ రాజు దగ్గర అన్ని కత్తులున్నాయి? ఆ రాజ్యాన్ని నిలబెట్టినవి గుక్కెడు నీళ్ళు. ఏడు పాము పడగలు చెక్కిన రాయి ఒకటి ఉంది. దాని మీద నీళ్ళు పోస్తే, కింద చెక్కిన శాపాల అక్షరాలన్నీ తడుపుకుంటూ వచ్చి తూములోంచి చిప్పలో పడతాయి. సేనానులు, ఓడ నాయకులు, లేఖకులు, చివరికి రాజుగారి చాకళ్ళు కూడా ప్రమాణం చేసి ఆ చిప్ప పట్టి తాగాల్సిందే. ద్రోహి కడుపులో పడితే ఆ నీళ్ళు ఊరుకోవని అక్కడ చంటిపిల్లకు కూడా తెలుసు.

మరాంగ్ కూడా తాగాడు. తాగి పదకొండు రోజులైంది, ఇంకా చావలేదు.

అతను నదీముఖం దగ్గర కావలివాడు. ఎగువ కొండల దొర తిరగబడ్డప్పుడు, రాజుగారి పడవలు పౌర్ణమికి కదులుతాయని ఆ దొర మనిషికి చెప్పింది అతనే. రాజు మీద కోపం ఉండి కాదు. ఎగువవాళ్ళు గెలుస్తారేమోనని భయం, గెలిస్తే తనను గుర్తుపెట్టుకుంటారని ఆశ. సంతరోజు కల్లుపాకలో ఒక్క ముక్క అన్నాడు, అంతే. ఆ ముక్క పట్టుకుని దొర నది మలుపులో కాచుకుని కూర్చున్నాడు. నలభైమంది పడవవాళ్ళు నీళ్ళపాలయ్యారు. అయినా చివరికి గెలిచింది రాజే. ఇక మిగిలింది ఒకటే ప్రశ్న, చెప్పిందెవరు? రేవును ఏలే దాతు కావలివాళ్ళందరినీ రాయి ముందు వరుసగా నిలబెట్టాడు.

తాగాక మూడు రోజులు మరాంగ్ కడుపు మీద చెయ్యి వేసుకునే తిరిగాడు. నాలుగో రోజు బాగా ఆకలేసింది. చేపల పులుసుతో సగ్గు రొట్టెలు నాలుగు తిన్నాడు. తింటుంటే సిగ్గేసింది. శాపం కూడా ముట్టుకోని మనిషినా నేను అనుకున్నాడు, అనుకుని ఇంకో రొట్టె తీసుకున్నాడు.

ఆరో రోజున కావలి పెద్ద కెలానాకు జ్వరం వచ్చింది. కెలానా మరాంగ్ చెల్లెలు మేలూర్‌కి మొగుడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం కాదని రేవంతా ఎరుగుదురు. కానీ రాయి నీళ్ళు తాగి పడకేశాక ఇంకేం ఎరుగుదురు? ఎదురుపడ్డవాళ్ళు మేలూర్‌ని చూసి దారి తప్పుకోవడం మొదలుపెట్టారు. పద్ధతి అందరికీ తెలిసిందే. ద్రోహి ఒప్పుకోకుండా చస్తే పెళ్ళాం పిల్లలు రాజుగారి బానిసలు. బతికుండగా నోటితో ఒప్పుకుంటే ప్రాణం దక్కుతుంది, కొలువు పోతుంది, ఇల్లంతా ఎగువ తాటితోటల పనికి పోవాలి.

పదకొండో రోజు మరాంగ్ చూడటానికి వెళ్ళాడు. కెలానా నాలుగు చాపలు కప్పుకుని వణుకుతున్నాడు. తడిక అవతల మేలూర్ ఏదో ఆకు దంచుతోంది.

"వచ్చావా బావా. మరీ దగ్గరికి రాకు, నా పాపం నీకంటుకోగలదు."

"పాపమేంటి బావా, చలిజ్వరం. ఏటా వానలకి నీకొచ్చేదేగా."

"నేనూ అదే అనుకున్నా. రాయి నీళ్ళు తాగిన వారంలోనే రావాలా మరి? నీళ్ళకి తెలుసు బావా. నాకే తెలీటం లేదు." అతను మోచేతి మీద లేచాడు. "అయిదు రోజులుగా వెతుకుతున్నా. చిన్నప్పుడు మీ దొడ్లో దురియన్ పళ్ళు ఎత్తుకుపోయా. దాతుగారి గొడుగు గాలికి తిరగబడితే చాటుకెళ్ళి నవ్వా. ఇంకేం దొరకటం లేదు. ఎప్పుడూ నా పక్కనే ఉండేవాడివి కదా. నువ్వు చెప్పు, నేనేం చేశాను?"

గుమ్మడికాయల దొంగంటే దొంగే భుజాలు తడుముకోవాలి. ఇక్కడ దొంగ నిబ్బరంగా చాప మీద కూర్చున్నాడు, గుమ్మడికాయ మొహం చూడనివాడు భుజాలు తడుముకుంటున్నాడు.

నేనే బావా, అనబోయాడు మరాంగ్. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంటి దగ్గర పెళ్ళామూ, ఇద్దరు ఆడపిల్లలూ గుర్తొచ్చారు. కెలానా ఒప్పుకుంటే అతని ప్రాణమూ దక్కుతుంది కదా, చెల్లెలూ బతికిపోతుంది కదా అనిపించింది. మనసు అంత తెలివిగా లెక్క సర్దిపెట్టినందుకు అతనికి ఒళ్ళంతా జుగుప్స కలిగింది. అయినా నోరు ఆగలేదు.

"పౌర్ణమికి ముందు, సంతరోజు. కల్లుపాకలో."

"నేనా? పాకకొచ్చానా?"

"బాగా తాగేసున్నావు బావా. కనుబొమ్మ తెగిన ఎగువ మనిషొకడు పక్కన చేరాడు. పడవలెప్పుడు కదుల్తాయన్నాడు. పౌర్ణమికని నువ్వనేశావు. నేనే లాక్కొచ్చా నిన్ను. ఎవరితోనూ అనలేదు."

పాక నిజం, మనిషి నిజం, మాట నిజం. నోరొక్కటే మారింది. తడిక అవతల రోకలి చప్పుడు ఆగింది.

కెలానా మళ్ళీ చాప మీదికి ఒరిగాడు. "నలభైమంది," అన్నాడు. తర్వాత ఏడ్చాడు. ఏడుస్తూనే మరాంగ్ చెయ్యి పట్టుకున్నాడు. "దొరికింది బావా. చేసిందేంటో తెలీకుండా చచ్చిపోతానేమోనని నా భయం. నీ పుణ్యమా అని దొరికింది."

కెలానాని చాపతో సహా మోసుకెళ్ళి దాతు ముందు దించితే, చెప్పవలసిందంతా చెప్పేశాడు. మర్నాటికి జ్వరం దిగింది. చలిజ్వరం, దిగక ఏం చేస్తుంది? కానీ రేవు రేవంతా నోరు నొక్కుకుంది. ఒప్పుకున్నాడు, నీళ్ళు వదిలేశాయి అన్నారు. ఆ కబురు పడవలెక్కి దీవులన్నీ తిరిగింది. అంతవరకూ మొరాయిస్తున్న ఇద్దరు దీవి దొరలు తమంత తామే వచ్చి చిప్ప పట్టారట.

దాతు మరాంగ్‌ని పిలిపించాడు. "నీ బావని ఒప్పించింది నువ్వేనటగా. సొంత చెల్లెలి సంసారం కంటే రాజుగారే ఎక్కువనుకున్నావు. నీలాంటోళ్ళు పదిమందుంటే నాకీ రాయి కూడా అక్కర్లేదు. ఇవ్వాళ్టి నుంచి కావలి పెద్ద నువ్వే." మరాంగ్ తల ఎత్తలేకపోయాడు. సిగ్గుతో మొహం మండిపోతోంది. దాతు దాన్ని వినయమనుకుని ముచ్చటపడ్డాడు.

ఎగువకు పోయే పడవ రెండు రోజుల తర్వాత బయలుదేరింది. కెలానా చిక్కి సగమయ్యాడు. పిల్లల్ని ఎక్కించి, మరాంగ్ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "నువ్వు గుర్తుచెయ్యకపోతే నా పిల్లలు బానిసలయ్యేవాళ్ళు బావా. ఈ రుణం ఎన్ని జన్మలెత్తితే తీరుద్ది?" ఆ చేతులు నరికేసుకుంటే బాగుండునని మరాంగ్‌కి అనిపించింది. వెనక్కి లాక్కోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

మేలూర్ చివరన వచ్చింది. ఇంట్లో కుండ ఖాళీ చేస్తూ మిగిలిన నీళ్ళు కొబ్బరిచిప్పలో తెచ్చింది.

"సంతరోజు ఆయనకి దవడ వాచింది అన్నయ్యా. పొద్దుట్నుంచీ గడప దాటలేదు. పసరు పెట్టింది నేనే. జ్వరంలో ఆయన మర్చిపోయాడు, నేను మర్చిపోలేదు."

మరాంగ్ చుట్టూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"చెబితే ఆయన ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే నా పిల్లలుండరు. ఇంకో పేరు చెబుదామంటే, ఆ ఇంట్లో ఉన్నదీ నా మేనకోడళ్ళే." ఆమె గొంతు పెంచలేదు. "ఆ మనిషి కనుబొమ్మ తెగిందని నీకెలా తెలుసో నేనడగను. నువ్వూ చెప్పకు."

చిప్ప అందించింది.

"ఎండగా ఉంది, తాగు. ఉత్త నీళ్ళే. రాయి మీద పోసినవి కావు."

దాతు ముందు, ఏడు పడగల ముందు, గటగటా తాగిన మనిషి అతను. చెల్లెలు చూస్తుండగా ఆ గుక్కెడు నీళ్ళు నోట్లో పోసుకున్నాడు. పడవ కదిలింది, మలుపు తిరిగింది, కనుమరుగైంది. నీళ్ళు ఇంకా నోట్లోనే ఉన్నాయి.