వంటింట్లో సగం పాట

...ఇంత నెమ్మదిగా, ఇంత బుద్ధిగా ఉండే పాట కోసమా ఈ మనిషి పెళ్లయిన నాటినుంచీ తన ప్రాణం తోడేసింది, రాక్ సంగీతమంటే గొంతు చించుకుని అరవడమనుకుంది కదా తను, ఇదేమో ఎవరో నలుగురు గోడవతల కూర్చుని ఊ అని కూనిరాగం తీస్తున్నట్టుంది, వెనకే హార్మోనియం లాంటిదేదో సాగుతోంది, మధ్యలో చాలాసేపు ఏమీ లేదు, ఆగిపోయిందేమో అనుకునేలోగా మళ్లీ ఊ, ఓస్ ఇంతేనా, దీనికోసమా రోజూ కొరియర్ వాడికి ఫోను చేసింది అనుకుంటూ రిబ్కమ్మ చిక్కుడుకాయ ఈనె లాగి కాయను పళ్లెంలో వేసింది, వేసి తలెత్తి, బియ్యం డబ్బా పైఅరలో ఉన్న రెండు నల్ల స్పీకర్లను చూసింది, నిజానికి అవి ఉండాల్సింది హాల్లో, సోఫా వెనక బీరువా మీద, మొన్న ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నప్పుడు మగవాళ్లంతా హాల్లో కూర్చున్నారు, ఆడవాళ్లు నడిమి అర్ర నిండిపోయి వంటింటి దాకా వచ్చారు, గీడ కూసున్నోళ్లకు వాక్యం ఇనబడేదెట్లనే పిల్లా అని బాలవ్వ గొణిగింది, అంతే, కూతురు ఆరాధన స్టూలెక్కి బీరువా మీది స్పీకర్లు రెండూ దించి, తీగ వెంటిలేటర్లోంచి లాగి, తెచ్చి ఇక్కడ పెట్టింది, పాస్టరుగారు హాల్లో మైకు ముందు దగ్గితే ఆ దగ్గు కూడా వంటింట్లో చక్కగా వినబడింది, ఆడవాళ్లందరూ స్తోత్రం అన్నారు, మర్నాడే ఆరాధన మెట్‌పల్లిలో తన బడికి వెళ్లిపోయింది, అప్పుడు ఖానాపూర్‌లో తన అక్క దగ్గరున్న భర్త ఫిలిప్ నిన్న సుల్తానాబాద్‌లో ఇంటికి వచ్చాడు, స్పీకర్ల సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయన మెడ తిప్పి బీరువా మీదికి చూడనూ లేదు.

చూడడు, ఆయనకు పాట వినడమంటే కళ్లు మూసుకుని ముందుకు వంగడమే, కరీంనగర్ మిషన్ హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఇంగ్లండు నుంచి వచ్చిన వలంటీరు ఒకడు వెళ్లిపోతూ మంచం కింద వదిలేసిన క్యాసెట్టట అది, పేరు చెరిగిపోయి ఉండేది, పాడేవాళ్లెవరో కూడా చాలా ఏళ్ల దాకా తెలియదు, టేపు తెగినప్పుడల్లా ఈ మహానుభావుడు రిబ్కమ్మ పెళ్లినాటి గోళ్లరంగు పెట్టి అతికించేవాడు, పాట మధ్యలో ఎర్రగా ఎక్కడో టక్కుమనేది, నా గోర్లకు పెట్టుకునేది నీ దయ్యం పాటలకు పెడ్తవా అని తను ఎంత లొల్లి చేసిందో, ఇప్పుడు అదే పాటల డిస్కు కొత్తగా వచ్చిందట, పాత రికార్డింగులోని గొంతుల్ని, వాయిద్యాల్ని విడివిడిగా తీసి మళ్లీ కలిపారట, నడిమిట్ల కూసుంటే ముంగట నుంచి, ఎనుక నుంచి, నాలుగు దిక్కులకెంచి వస్తదే రిబ్కా అని చిన్నపిల్లాడిలా చెప్పాడు పొద్దున, నాలుగు దిక్కులకెంచి నా మీదికి వచ్చేటివి శానా ఉన్నయ్ తియ్యి, గిది గూడెందుకు అంది తను, ఆయన నవ్వి, హాలు తలుపు మూసుకుని, ఇరుగుపొరుగు తిట్టకుండా తలుపు కింది సందుకు బొంత కుక్కుకుని కూర్చున్నాడు, పాతకాలపు మందం గోడలు, మధ్యలో అర్ర ఒకటి, అక్కడి చప్పుడు వంటింటికి రావాలంటే ఈ పైఅరలోంచే రావాలి.

సర్లే ఆయనన్నా సంతోషంగా ఉండనీ, తన సంగతే ఎటూ తేలలేదు, రేపు ఆదివారం చర్చిలో కోత పండుగ, సంఘమంతా కొత్త వడ్లూ గుమ్మడికాయలూ మోసుకొస్తుంది, పాట ఎత్తుకునేది ఎవరు, ఇన్నేళ్లూ ఆ మాట అడిగినవాళ్లు లేరు, రిబ్కమ్మే ఎత్తుకుంటుంది, మొదటి పాదం ఒంటరిగా పైస్థాయిలో తీసి ఒక్క క్షణం ఆపుతుంది, అప్పుడు సంఘమంతా అందుకుంటుంది, ఆ ఒక్క క్షణం కోసమే తను వారమంతా బతికేదని ఎవరికి తెలుసు, ఫిలిప్‌కు కూడా తెలియదు, వేసవిలో కరీంనగర్ ఆసుపత్రిలో మెడకు ఆపరేషన్ చేసి గడ్డ తీశారు, గడ్డలో భయపడాల్సిందేమీ లేదన్నారు, గొంతు మాత్రం కొంచెం మారొచ్చమ్మా అని డాక్టరమ్మ ముందే చెప్పింది, మారితే మారింది బతికితే చాలనుకుంది అప్పుడు, బతికాక తెలిసింది, పైకి వెళ్లబోతే గొంతు సగం దారిలో ఆగి గరగరమంటుంది, కింద మాత్రం మగాడి గొంతులా బరువుగా పలుకుతుంది, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒకసారి పాడి చూసుకుని, ఛీ ఎవరిదీ గొంతు అని నోరు మూసుకుంది, పాటల జట్టును నడిపే పేతురు నిన్న వచ్చి అక్కా ఎత్తుకుంటవా, ఎవలకన్న చెప్పాల్నా అని నేలచూపులు చూస్తూ అడిగాడు, రేపు పొద్దుగూకకముందే చెప్తా తమ్మీ అంది తను, ఏం చెప్పాలో రాత్రే నిర్ణయించుకుంది, నాతోని కాదు, ఇగ జట్టులకే రాను, పక్క బెంచీల కూసొని పెదవులు కదుపుకుంట ఉంట అని చెప్పేస్తుంది, ఆ మాట నోట్లో తయారుగా ఉంది, మింగుదామంటే దిగదు.

పైఅరలో ఊ మధ్యలోనే తెగిపోయింది, పాట ఆపేసినట్టున్నాడు, నడిమి అర్రలో అడుగుల చప్పుడు, ఫిలిప్ వంటింట్లోకి వచ్చాడు మొహం వేలాడేసుకుని, చెడగొట్టిండ్రే, మొత్తం చెడగొట్టిండ్రు, క్యాసెట్ల ఉన్నదే దీంట్ల లేదు, గొంతుల ఎనుక గొంతులు ఉండాలె, గవి లేవు, నడుమ ఆర్గన్ లేదు, పాట మాంసం లేని ఉట్టి బొక్కల లెక్క నిలవడ్డదనుకో అన్నాడు, నాకైతే మంచిగనే ఇనబడుతుంది కదయ్యా అంది తను, తలుపు మూసుకుంటి, నీకెట్ల ఇనబడ్తదే, ఊకె నా మనసు నిమ్మళం చేయనీకి అంటున్నవ్ అన్నాడు, స్పీకర్లు అదిగో అక్కడున్నాయి కదా అనబోయింది, ఆయన వింటేగా, పొయ్యి మీది చాయ్ తానే వంచుకుని, కప్పు పట్టుకుని, సెట్టింగుల ఏదో తప్పుంటది, మల్ల మొదటి నుంచి పెడ్త అని వెళ్లిపోయాడు, ఆయన బెంగకు నవ్వొచ్చింది, ఎన్నేళ్లొచ్చినా ఈ మనిషికి పరేషాన్ కావడానికి పాటొకటి చాలు.

మళ్లీ మొదటి నుంచి, మళ్లీ ఆ నలుగురు, ఊ, ఇప్పుడు తెలుస్తోంది వాళ్లు ఎక్కడ మొదలుపెడతారో, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, పదాలు లేవు, ఉన్నా తనకు రావు, ఈనె లాగుతూ చెవి అటే పెట్టింది, ఎవరో ఎదురుగా ఏదో అడుగుతుంటే వీళ్లు ఊ కొడుతున్నట్టుంది, ఆ అడిగేవాళ్లు మాత్రం వినబడరు, విచిత్రం, మరీ ఖాళీగా ఉన్నచోట తనకే ఏదో పలకాలనిపిస్తోంది, వద్దు, ఎవరన్నా వింటే, ఎవరు వింటారు ఈ చిక్కుడుకాయలు తప్ప, ఊ వచ్చినప్పుడు తనూ మెల్లగా ఊ అంది, మెల్లగానే, కింద, ఎక్కడైతే ఆ మగగొంతు అని అసహ్యించుకుందో అక్కడ, గరగర లేదు, ఆగలేదు, ఆ నలుగురి పక్కన చోటు చేసుకుని కూర్చున్నట్టు కుదిరిపోయింది, అమ్మో అనుకుని చప్పున ఆపేసింది, మళ్లీ వచ్చింది ఊ, మళ్లీ కలిపింది, ఈసారి ఆపలేదు, చేతిలో కాయ చేతిలోనే ఉంది, గొంతు కింద ఆపరేషన్ గీత దగ్గర సన్నగా వణుకుతోంది, నొప్పి కాదు, వణుకే, దేవా ఇదేంటి, ఇది నా గొంతేనా, ఎవరితోనన్నా చెప్పాలి అనిపించింది, చెప్పాలంటే ఉన్నది ఒక్కడే, ఆ ఊ కొట్టించుకుంటున్నది ఎవరో కూడా ఆయన్నే అడగాలి.

పళ్లెం పక్కకు తోసి, పైట సర్దుకుని, నడిమి అర్ర దాటి హాలు తలుపు తోసింది, బొంత అడ్డుపడితే మోకాలితో నెట్టింది, అబ్బా, ఎదురుగా వచ్చి కొట్టింది చప్పుడు, ఢమఢమ డప్పులు, గిటారు, వాటి మీద ఒక మొగోడు ఆకాశానికెత్తి పాడుతున్నాడు, ఎంత పైకి, తను కోత పండుగకు ఎత్తుకున్నంత పైకి, ఓహో వీడా అడిగేవాడు, వీడేనా ఇంతసేపూ వినబడనివాడు, ఫిలిప్ కళ్లు మూసుకుని ముందుకు వంగి ఉన్నాడు, మొహంలో సంతోషం లేదు, ఆ పైన పాడేవాడు ఒక పాదం తీసి ఆగాడు, ఇక్కడే, ఇక్కడే రావాలి ఆ ఊ, హాల్లో రాలేదు, అక్కడ వట్టి డప్పు, నిజంగానే పాట ఒంటరిదైపోయింది, ముందున్నవన్నీ ఇక్కడ, వెనకవన్నీ అక్కడ చిక్కుడుకాయల దగ్గర, అయ్యో ఈ డిస్కు ఆ రోజు వాక్యంలాగా అన్ని స్పీకర్లలోనూ ఒకటే పలకదన్నమాట, రిబ్కమ్మకు నవ్వూ జాలీ ఒక్కసారే వచ్చాయి, తర్వాతి పాదం చివర వాడు మళ్లీ ఆగాడు, ఆ ఖాళీ చూసి ఊరుకోలేకపోయింది, గుమ్మంలో నిలబడే, కింద, బరువుగా, నోరారా పాడింది.

ఫిలిప్ కళ్లు తెరిచాడు, గదే, గదేనే లేంది, గదే లేకుండెనే అని లేచి నిలబడ్డాడు, నీకెట్లెరుక అన్నాడు, నాకెరుక తియ్యి, జర ఎనుకకు తిరిగి బీరువ మీదికి చూడు అంది, తిరిగాడు, చూశాడు, నోరు తెరిచాడు, ఏడపోయినయే నా స్పీకర్లు అన్నాడు, వాక్యం ఇననీకి వంటింట్లకు పోయినయ్, నీ బిడ్డ వెట్టింది అంది, ఇద్దరికీ నవ్వాగలేదు, ఆయన సోఫా చేయి పట్టుకుని మరీ నవ్వాడు, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఉండు తెస్తా అని కదలబోయి, ఆగి, ఆమె మొహంలోకి చూసి, రిబ్కా, పాడినవ్ కదనే నువ్వు అన్నాడు, వేసవి నుంచి ఆ మాట ఎత్తితే తను ఎక్కడ ఏడుస్తుందో అని దాచుకున్నదంతా ఆ ఒక్క మాటలో వచ్చేసింది, ఊ, పాడిన అంది తను, స్పీకర్లు రేపు తెద్దుగానీ, ఇయ్యాల నేనున్న కదా, మల్ల మొదటి నుంచి పెట్టు.

పెట్టాడు, వాడు పైన, తను కింద, రెండో పాదానికల్లా ఒళ్లు మరిచిపోయింది, ఈ కింద పాడటం తనకెప్పుడు వచ్చింది, ఎవరూ నేర్పలేదే, చర్చిలో అందరం ఒక్కటే పాడతాం, ఒక్కటే ఎత్తు, కింద ఎవరు పాడతారని అనుకుంటుండగానే పక్కన ఎవరో వచ్చి నిల్చున్నట్టు అవ్వ గొంతు చెవిలో పడింది, అవ్వ, తనను కన్న అవ్వ, చిన్నప్పుడు మిషన్ దొరసానుల బోర్డింగులో చదువుకున్న అవ్వ, ఆదివారం ఆఖరి బెంచీలో కూర్చుని పాటకు ఎప్పుడూ కిందుగానే ఏదో పాడుకునే అవ్వ, అందరూ అటుపోతే నీ అవ్వ ఇటుపోతదే, పాట పక్కపొంటి నడుస్తదే అని ఆడవాళ్లు నవ్వేవాళ్లు, అవ్వ కూడా వాళ్లతో కలిసి నవ్వేసేది, మా బోర్డింగుల గిట్లనే నేర్పిరి బిడ్డా, కొందరు మీద, కొందరు కింద అనేది, ఏం చెప్తోందో తనకు అర్థమయ్యేది కాదు, బోర్డింగు తోటివాళ్లు ఒక్కొక్కరే పోయి అవ్వ ఒక్కతే మిగిలినా కిందే పాడింది, వినేవాళ్లకు రాగం తప్పినట్టుండేది, అవ్వా, నీ పాట మాకు సగమే వినబడ్డదే, అనుకుంటే కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి, నీళ్లతోనే పాడింది, గొంతు మాత్రం ఎక్కడా తొణకలేదు.

ఫోను మోగింది, పేతురు, ఫిలిప్ పాట ఆపి ఫోను ఆమె చేతికిచ్చాడు, అక్కా ఏమనుకున్నవే అన్నాడు పేతురు భయంభయంగా, రాత్రంతా నోట్లో తయారుగా ఉన్న ఆ మాట ఎటుపోయిందో వెతికినా దొరకలేదు, తమ్మీ, ఎత్తుకునుడు నీ బిడ్డకియ్యి, దాని గొంతు గల్లున ఉంటది, అదే ఎత్తుకోనీ, నేను ఎనుక బెంచీల కూసొని కింద పాడుత అంది, కింద అంటే ఏందక్కా, నాకు సమజ్ కాలే అన్నాడు, ఇయ్యాల్నే నీ బిడ్డను తోల్కరా, చాయ్ తాగుదురు, పాడి చూపెడ్త, మీకే సమజైతది అంది, సరే అక్కా, ఇప్పుడే వస్తున్నం అన్న ఆ గొంతులోంచి పెద్ద బరువు దిగిపోయినట్టుంది, ఫోను పెట్టేసి కిటికీలోంచి చూస్తే కొత్త వడ్ల బస్తాలతో ట్రాక్టరొకటి మెల్లగా వీధి దాటుతోంది, ఫిలిప్ పక్కకు జరిగి సోఫాలో చోటిచ్చాడు, రిబ్కమ్మ కూర్చుని, మెడ మీది గీతను వేలితో తాకి చూసుకుని, పైస్థాయి తనను వదిలి వెళ్లిపోయిందని ఇన్నాళ్లూ ఏడ్చింది గానీ, కింద అవ్వ పోయిననాటినుంచీ ఖాళీగా ఉన్న చోటొకటి ఉందని, తను వెళ్లి కూర్చోవడమే తరువాయని ఇప్పుడు తెలుసుకుంది.