గొంతు మీద కత్తి ఉన్నంతసేపు

నేను ఒక సెలూన్ కుర్చీని. టేకు చేతులు, వెనక్కి వాలే వీపు, తల ఆనించుకోవడానికి చిన్న దిండు. తెనాలిలో ఒక వడ్రంగి నన్ను చేశాడు. చేసిన రోజున నా కాళ్లు నాలుగూ సమానంగానే ఉండేవి. ఆ తర్వాత మనుషులు కూర్చోవడం మొదలుపెట్టారు.

మొదటి యజమాని గురించి చెప్పుకోవడానికేమీ లేదు. జుట్టు కత్తిరించడం రాక దుకాణం ఎత్తేశాడు. అక్కణ్ణుంచి చీరాల స్టేషన్ వీధిలో కోటిలింగం చేతికి వచ్చాను. కోటిలింగానికి ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. నడిస్తే మోకాళ్లు ఒకదానికొకటి తగులుతాయి. పెళ్లి కాలేదు. ఇంట్లో వాడి మాట వినే దిక్కు లేదు. అందుకని దుకాణంలో మాట్లాడేవాడు.

అప్పట్లో ఒక వారపత్రికలో సీరియల్ వచ్చేది. అందులో రాజ్యం అనే ఆడమనిషి, మొగుడు పోయాక అతని లారీ తనే తోలుకునేది. ఎవర్నైనా కొట్టేముందు "అన్నం తిన్నావా?" అని అడిగేది. తిన్నానంటే కొట్టేది. లేదంటే పెట్టి కొట్టేది. వీధి వీధంతా ఆమె అంటే పడిచచ్చేది. ఒక వారం రాజ్యం, మరిది తాళం వేసిన రైసుమిల్లు ముందు నిలబడింది. పిడికిట్లో దొంగ తాళంచెవి. ఆ వారంతోనే పత్రిక మూతపడింది. తింటున్న విస్తరి ముందునుంచి లాగేసినట్టయింది జనానికి.

కోటిలింగం నురగ కలుపుతూ ఆగిపోయిన కథ అందుకున్నాడు: "తలుపు తియ్యలా బాబాయ్. ముందు వాచ్‌మన్ని పిలిచి అన్నం తిన్నావా అనడిగింది."

నా మీద కూర్చున్న కంసాలి బ్రహ్మయ్య వేళ్లు నా చేతుల మీద వదులయ్యాయి. వీపు ఆనించిన మనిషి మొహం నాకు కనబడదు. వేళ్లు తెలుస్తాయి. నోరు ఆడిన అబద్ధాలు వేళ్లు ఆడలేవు.

"ఆఁ, తర్వాత?" అన్నాడు బ్రహ్మయ్య.

అంతే, దుకాణం నిండిపోయింది. గడ్డం రానివాళ్లు కూడా గీయించుకోవడానికి వచ్చేవారు. నిజం చెప్పాలి, కథ బాగుండేది. రాజ్యాన్ని ఆమె ఎన్నడూ చూడని ఊళ్లకి తోలుకెళ్లేవాడు. ఎక్కడికెళ్లినా ఆమె ఆమెలాగే ఉండేది. విన్నవాళ్లు "అవును, అట్టాగే చేస్తది" అని తలలూపేవారు. తెలిసిన మనిషి తెలియని పని చేస్తుంటే చూడటం కంటే సుఖం లేదు మనుషులకి. తామెలాగూ ఏ పనీ చెయ్యరు కదా.

తర్వాత వాడికి జబ్బు చేసింది. రాజ్యం మీద మనసు పడ్డాడు.

ఒకరోజు రాజ్యం లారీ ఒక సెలూన్ ముందు ఆగింది. లోపల కోటేశ్వర్ అనే ఆరడుగుల అందగాడు. ఉంగరాల జుట్టు, కారని ముక్కు. కత్తి పట్టినవాడే లారీ బాగుచేశాడు, మరిదిని తన్నాడు, పాట కూడా పాడాడు. కోటిలింగం ఆ కథలో నన్ను వెండి కుర్చీని చేశాడు. సిగ్గుతో నా కాళ్లు కిర్రుమన్నాయి.

ఎవరూ కాదనలేదు. ఎలా కాదంటారు? గొంతు మీద కత్తి ఉన్నంతసేపు ప్రతివాడూ మంచి శ్రోతే. వాళ్ల గోళ్లు మాత్రం నా చేతుల్లోకి దిగేవి. ఆ మౌనం చూసి వాడు మురిసిపోయేవాడు. "చూశావా, నోట మాట రావట్లా" అని పక్కవాడితో అనేవాడు. కోటేశ్వర్ కళ్ల వర్ణన ముగిసేలోపు ఒక మనిషి గడ్డం మొత్తం అయిపోయేది. జనం పలచబడ్డారు. కథ ఇంకా రుచిగా ఉండాలేమోననుకుని వాడు వెన్నెల కలిపాడు.

ఆ రోజు బ్రహ్మయ్యకి ఒక చెంప అయింది. కోటిలింగం కత్తి నూరుకోవడానికి అటు తిరిగి, "అప్పుడు రాజ్యం కోటేశ్వర్ కాళ్ల మీద పడి, మీరు లేందే నేను లేనండీ అంది" అన్నాడు.

బ్రహ్మయ్య లేచి నిలబడ్డాడు. "ఎవురూ? రాజ్యమే?"

"రాజ్యమే బాబాయ్."

"అన్నం తిన్నావా అనడగలా?"

"ప్రేమలో అన్నమెందుకు?"

"ముందు నీ ముక్కు తుడుచుకోరా కోటేశ్వర్! మరిది వల్ల కాని పని నువ్వు చేశావు గదరా. రాజ్యాన్ని చంపేశావు."

ఒక చెంప మీద నురగ, మెడలో గుడ్డ అలాగే ఉంచుకుని రోడ్డు దాటి సుభానీ సెలూన్లో కూర్చున్నాడు. వీధంతా చూసింది. రెండో చెంప గీయించుకుంటూ తనే కథ ఎత్తుకున్నాడు. "లారీ ఆగింది. లోపల ఒక మోకాళ్లోడున్నాడు, ముక్కు కారతా..." నవ్వులు ఇవతలికి వినిపించాయి. ఆ కథ బాగుంది. మోకాళ్లూ నిజం, ముక్కూ నిజం.

కోటిలింగం దుకాణం మూతపడింది. సుభానీ వాణ్ణి వెంట్రుకలు ఊడవడానికి పెట్టుకున్నాడు. నన్నూ తన దుకాణానికి తెచ్చి, వెనక గోడకి చేర్చి నా మీద తడి తువ్వాళ్లు ఆరేశాడు. వాడు ఊడుస్తుంటే, వాడి ఎదురుగానే, బ్రహ్మయ్య కథలో రాజ్యం వాణ్ణి రోజూ కొట్టేది.

ఒకరోజు బ్రహ్మయ్య, "మెడబట్టి గెంటింది" అన్నాడు. చీపురు ఆగింది.

"గెంటదు బాబాయ్. లారీ కిందికి దూరి నట్లు బిగించమంటది. వాడికి చేతగాదని తెలుసు. గ్రీసంతా మొహాన పడ్డాక అడుగుతది, అన్నం తిన్నావా అని."

సెలూన్ పగలబడి నవ్వింది. "ఇట్టా చెప్పి చావొచ్చు గదరా మొదట్నుంచీ!" అన్నాడు బ్రహ్మయ్య.

అప్పట్నుంచి కోటిలింగమే చెబుతున్నాడు. కథలో రోజూ తన్నులు తింటాడు, రోజూ జనం నిండుతారు. తన ముక్కు సంగతి తనకంటే ఎవరికి తెలుసు? మునుపటికంటే బాగా చెబుతున్నాడు.

చివరికి సుభానీకే జాలేసింది. "ఒక్కసారన్నా రాజ్యం వాణ్ణి మెచ్చుకోనీవయ్యా."

"పోనీలే, ఈ ఒక్కసారికి" అన్నాడు బ్రహ్మయ్య కూడా.

అప్పుడు ఎవరి గొంతు మీదా కత్తి లేదు. కోటిలింగం చీపురు గోడకి ఆనించాడు. ముక్కు తుడుచుకున్నాడు.

"మెచ్చుకోదు భాయ్. మెచ్చుకుంటే అది రాజ్యం కాదు."

వెనక్కి వచ్చి, తువ్వాళ్లు పక్కకి నెట్టి నా మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లలో వాడు నా మీద కూర్చోవడం అదే మొదలు. చేతులు ఆనించగానే గోళ్ల గాట్లు తగిలాయి. ఒక్కొక్క గాటులో వేలు పెట్టి చూశాడు.

"ఇయ్యేంది బాబాయ్?"

"నీ కోటేశ్వర్ పాట పాడినప్పటియ్యి" అన్నాడు బ్రహ్మయ్య. "ఆ లోతుది నాది."